రూపాయి తొంభై పైసల బియ్యం

మొన్న ఆదివారం మా చేలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఎగిరిపోయింది. లైన్‌మన్‌కి ఫోన్ చేస్తే "ఎల్‌సీ తీసుకుని వస్తా, గంట పడుద్ది" అన్నాడు. ఆ గంటలో కానుగ చెట్టు కింద నలుగురం చేరాం. నలుగురు చేరితే మన దగ్గర ఏం నడుస్తుందో మీకు తెలియంది కాదు.

మా చిన్నాన్న కొడుకు తెలుగుదేశం. పక్క పొలం ఆయన, వరసకి నాకు అన్న, వైసీపీ. మా బావది మధిర అవతల ఊరు, శుభకార్యానికి వచ్చి ఉన్నాడు కాబట్టి అటు పార్టీల సంగతి ఆయన చూసుకుంటాడు. మాది కృష్ణా జిల్లా పడమటి కొస, గట్టి కేక వేస్తే ఖమ్మం జిల్లాలో వినపడుద్ది. ఇప్పుడు జిల్లా పేరు మారింది, రాష్ట్రం కూడా మారింది, కేక అదే.

గొడవ దేని మీదంటే రైతుకి ఏడాదికి వేసే డబ్బుల మీద. వైసీపీ ప్రభుత్వంలో 13,500 వేసినప్పుడు మా తమ్ముడు అయిదేళ్లూ ఒకటే మాట అన్నాడు, "అందులో 6 వేలు మోడీవి, మీవాడిచ్చింది ఏడున్నర వేలే" అని. ఇప్పుడు ఈ ప్రభుత్వం 20 వేలు అంటోంది. "ఇందులో 6 వేలు మోడీవి కాదంట్రా?" అని అన్న అడుగుతున్నాడు. వాక్యం అదే, నోరు మారింది, అంతే. నేను నవ్వితే ఇద్దరికీ కోపం వచ్చింది. నాకు ఏ పార్టీ సభ్యత్వమూ లేదు. ఓటు మాత్రం ఒక్కో ఎన్నికలో ఒక్కొక్కరికి వేశాను, అందుకని నన్ను ఇద్దరూ నమ్మరు.

అప్పుడు మా బావ ఒక మాటన్నాడు. "అసలు మనం ఎప్పుడన్నా ఒకణ్ని నమ్మి ఓటేశామా బావా, లేకపోతే రెండోవాడి మీద నమ్మకం పోయి వేశామా?"

ఆ మాట పట్టుకుని రెండు రోజులు ఆలోచించాను. ఈ పోస్టు అందుకే. కొంచెం పెద్దది, ఓపికున్నవాళ్లు చదవండి.

నాకు గుర్తున్న మొదటి ఎన్నిక 1983 జనవరిది. అప్పుడు నేను ఆరో తరగతి. అందరూ ఆ ఎన్నిక గురించి చెప్పేటప్పుడు చైతన్య రథం, ఖాకీ డ్రస్సు, తెలుగువాడి ఆత్మగౌరవం అని చెప్తారు. నిజమే. 1978లో గెలిచిన కాంగ్రెస్ అయిదేళ్లలోపు నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చింది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. బేగంపేట విమానాశ్రయంలో అంజయ్యకి రాజీవ్ గాంధీ చేతిలో జరిగిన అవమానం ఊరూరా చెప్పుకున్నారు. 1982 మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టారు, తొమ్మిది నెలలు తిరిగేసరికి 294లో 200 దాటి సీట్లు వచ్చాయి.

కానీ ఇందులో చాలామంది మర్చిపోయిన ముక్క ఒకటుంది. ఎన్టీఆర్ కిలో బియ్యం రెండు రూపాయలకే ఇస్తానన్నారు. అది జనంలోకి ఎట్లా పోయిందో చూసి, అధికారంలో ఉన్న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం ఎన్నికలకు ముందే కిలో రూపాయి తొంభై పైసలకి ఇవ్వడం మొదలుపెట్టింది. బాగా ఆలోచించండి. ఒకాయన గెలిస్తే రెండు రూపాయలకి ఇస్తానంటున్నాడు, ఇంకొకాయన అంతకన్నా పది పైసలు తక్కువకి ఇప్పుడే ఇస్తున్నాడు. లెక్క ప్రకారం అయితే ఎవరికి పడాలి ఓటు?

కాంగ్రెస్‌కి 60 సీట్లొచ్చాయి.

మా తాత జన్మంతా కాంగ్రెస్. ఆవూ దూడా గుర్తు పోయి చెయ్యి గుర్తు వచ్చినా మారలేదు. ఆయన కూడా ఆ ఏడు సైకిలుకి వేశాడు. ఎందుకేశావని మా నాయన అడిగితే, "ఓట్లొస్తున్నాయని తగ్గించినోడు ఓట్లయ్యాక ఊరుకుంటాడా?" అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. పది పైసలు తక్కువకొస్తుంటే ఈ ముసలాయన ఇట్లా అంటాడేంటి అనుకున్నాను. ధర ఎంత అన్నది కాదు ఆయన చూసింది. ఇన్నాళ్లూ ఇవ్వనోడు ఇప్పుడెందుకు ఇస్తున్నాడు అని చూశాడు.

ఎన్టీఆర్ ఆ ఉగాదికే, 1983 ఏప్రిల్లో, రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టారు. మనిషికి 5 కిలోలు, కుటుంబానికి 25 కిలోల దాకా. వ్యవసాయ మోటార్లకి హార్స్ పవర్‌కి ఏడాదికి 50 రూపాయల శ్లాబు కూడా రైతుకి ఆయన పేరు మీదే గుర్తుండిపోయింది. ఇప్పటికీ కాంగ్రెస్ పాతకాపుల్ని కదిలిస్తే, "చౌక బియ్యం మొదలెట్టింది మేమయ్యా, పేరు ఆయనకొచ్చింది" అంటారు. తెలుగుదేశం వాళ్లేమో "చెప్పి చేసింది మేము" అంటారు. నన్నడిగితే ఇద్దరూ నిజమే చెప్తున్నారు. కాకపోతే జనం మొదలెట్టినవాణ్ని కాకుండా చెప్పి చేసినవాణ్ని గుర్తుపెట్టుకున్నారు.

మరుసటి ఏడాది ఆగస్టు. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన కొద్దిరోజులకే గవర్నర్ రాంలాల్ ఆయన్ని దించేసి నాదెండ్ల భాస్కరరావుని కుర్చీ ఎక్కించారు. ఎమ్మెల్యేలని బెంగళూరు తీసుకెళ్లి కాపాడుకోవాల్సి వచ్చింది. నెల రోజులకి, సెప్టెంబరు 16న, మళ్లీ ఎన్టీఆరే ముఖ్యమంత్రి. ఆ నెల రోజులూ మా ఊళ్లో కాంగ్రెస్ వాళ్లు కూడా తలొంచుకుని తిరిగారు. "మేం వేసిన ఓటు నీ అబ్బ సొమ్మా" అన్నది అప్పటి కోపం. ఆ డిసెంబరులో ఇందిర హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్‌కి 400 దాటి సీట్లిస్తే, మనవాళ్లు 42లో 30 తెలుగుదేశానికిచ్చి లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షంగా కూర్చోబెట్టారు. బీజేపీకి దేశంలో వచ్చిన రెండు సీట్లలో ఒకటి మన హనుమకొండే, అక్కడ ఓడింది పీవీ నరసింహారావు. ఆ మరుసటి ఏడాదే పార్టీ ఫిరాయింపుల చట్టం వచ్చింది. ఆ చట్టం ఎంత పనిచేసిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇంతవరకూ చదివి మా తమ్ముడి లాంటివాళ్లు "చూశావా, మాటకి కట్టుబడితే జనం నెత్తిన పెట్టుకుంటారు" అనేస్తారు. ఆగండి. 1989లో ఏమైంది? బియ్యం రెండు రూపాయలే, కరెంటు శ్లాబు 50 రూపాయలే. ఇచ్చిన మాటలో తేడా లేదు. అయినా పార్టీ ఓడింది, ఎన్టీఆర్ స్వయంగా కల్వకుర్తిలో ఓడారు, హిందూపురంలో గెలిచారు కాబట్టి సరిపోయింది. మంత్రులందర్నీ ఒక్క కలంపోటుతో తీసేయడం, ఒంటెత్తు పోకడ, ఇంకా చాలా ఉన్నాయి. మాట నిలబెట్టుకోవడం ఒక్కటే సరిపోదని ఆ ఏడాది తెలిసింది. మొదటి అయిదేళ్లు రెండు రూపాయల బియ్యం వరంలాగా ఉంటుంది. తర్వాత అది రేషన్ షాపు, అంతే.

1994లో మళ్లీ అదే మనిషిని అదే మాటల మీద నమ్మారు. దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం తర్వాత మద్యనిషేధం, రెండు రూపాయల బియ్యం, 50 రూపాయల కరెంటు. కాంగ్రెస్‌కి 26 సీట్లు మిగిలాయి. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలైంది. ఆగస్టులో వైస్రాయ్ హోటల్, సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రి. ఇది వెన్నుపోటా, పార్టీని కాపాడుకోవడమా అన్న వాదన 30 ఏళ్లుగా నడుస్తోంది, ఇంకో 30 ఏళ్లు నడుస్తుంది, నేను దాంట్లోకి దిగను. నాకు కావల్సింది చిన్న సంగతి. ఓటు వేసింది ఒక మనిషికి, ఆ మనిషి చెప్పిన మూడు మాటలకి. రెండేళ్లలో బియ్యం మూడున్నర రూపాయలయింది, కరెంటు రేటు పెరిగింది, నిషేధం సడలింది. ఖజానా ఖాళీ అని శ్వేతపత్రాలు పెట్టారు. ఖజానా నిజంగానే ఖాళీ కావచ్చు. అది ఓటు అడిగేటప్పుడు తెలియదా అని మా అమ్మ అడిగింది. ఆమెకి శ్వేతపత్రం చదవడం రాదు, సమాధానం చెప్పేవాళ్లూ లేరు.

అయినా 1999లో చంద్రబాబే గెలిచారు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఎక్కువమందికి ఇది గుర్తుండదు. రైతుకి ఉచిత కరెంటు ఇస్తామని కాంగ్రెస్ మొదటిసారి చెప్పింది 2004లో కాదు. 1999లోనే చెప్పారు, పీసీసీ అధ్యక్షుడు అప్పుడు రాజశేఖరరెడ్డే. మాట అదే, మనిషి అదే. మేం నమ్మలేదు. మా ఊళ్లో అయితే నవ్వుకున్నారు, "ఇంకా నయం, మోటారు కూడా వాళ్లే కొనిస్తామనలేదు" అని.

మరి 2004లో అదే మాటని ఎందుకు నమ్మారు?

కాంగ్రెస్ వాళ్ల సమాధానం పాదయాత్ర. 2003 ఏప్రిల్ 9న చేవెళ్లలో బయల్దేరి జూన్ నడిమికి ఇచ్ఛాపురం, ఎండాకాలంలో 1,400 కిలోమీటర్లకు పైగా. చూసినవాళ్లకి అది మామూలు విషయం కాదు, ఒప్పుకుంటాను. కానీ నా మటుకు నాకు అసలు కారణం అంతకుముందు నాలుగేళ్లలో ఉంది. 1998లో సంస్కరణల చట్టం, ప్రపంచ బ్యాంకు అప్పు, కరెంటు బోర్డుని ముక్కలు చెయ్యడం. 2000లో ఛార్జీలు పెంచితే ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు, ముగ్గురు చనిపోయారు. తర్వాత వరుసగా కరువు. బోర్లు ఎండిపోయాయి, బకాయి కట్టలేదని ఊళ్లలో స్టార్టర్లు విప్పుకుపోయారు. స్టార్టరు విప్పుకుపోయిన మోటారు ఎట్లా ఉంటుందో చూశారా? ఎద్దు చచ్చిపోయిన కాడిలాగా ఉంటుంది.

ఉచిత కరెంటు ఇస్తే తీగలు బట్టలారేసుకోడానికే పనికొస్తాయని చంద్రబాబు అన్నారని ముందు కాంగ్రెస్ వాళ్లు, తర్వాత వైసీపీ వాళ్లు 20 ఏళ్లకు పైగా చెప్తూనే ఉన్నారు. బోర్డు దివాలా తీస్తుందన్నది ఆయన బాధ తప్ప రైతుని వెక్కిరించడం కాదని ఇటువాళ్లు అంటారు. ఏ ఉద్దేశంతో అన్నారన్నది పక్కన పెట్టండి. ఆ మాట ఇన్నేళ్లు ఎందుకు బతికిందో చూడండి. స్టార్టరు పోయిన రైతుకి అది అచ్చం తన గురించే అన్నట్టు వినపడింది కాబట్టి బతికింది.

2004లో కాంగ్రెస్‌కి 185, తెలుగుదేశానికి 47. మే 14న ఎల్‌బీ స్టేడియంలో ప్రమాణం చేసిన చోటే ఉచిత కరెంటు ఫైలు మీద మొదటి సంతకం. పాత బకాయిలూ రద్దు. మొదటి సంతకం అనే పద్ధతి అక్కడ నుంచి మన దగ్గర ఒక తంతులాగా అయిపోయింది. ఇప్పుడు పెన్ను ఎవరిది, ఏ రంగు అని కూడా చూస్తున్నారు. ఆ కరెంటు 7 గంటలు, అందులో సగం అర్ధరాత్రి వచ్చేది. రాత్రి మోటారు వెయ్యడానికి వెళ్లి షాక్ కొట్టి పోయినవాళ్లు, పాము కరిచి పోయినవాళ్లు మన చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారో ఎవరికి వాళ్లు లెక్కేసుకోండి. కానీ మాట తప్పాడని మాత్రం ఎవరూ అనలేదు. తర్వాత ఏ పార్టీ వచ్చినా ఉచిత కరెంటు తీసేస్తానని అనే ధైర్యం చెయ్యలేదు. చంద్రబాబు కూడా.

2009 గురించి త్వరగా చెప్పేస్తాను. తెలుగుదేశం నెలనెలా నగదు బదిలీ, కలర్ టీవీ అన్నది. కాంగ్రెస్ 7 గంటల కరెంటు 9 చేస్తాం, బియ్యం 4 కిలోల నుంచి 6 చేస్తాం అన్నది. పెద్ద మాట ఓడింది, చిన్న మాట గెలిచింది. సెప్టెంబరులో వైఎస్ పోయారు, ఆ చిన్న మాటలు కూడా అట్లాగే ఆగిపోయాయి. 2011లో కిరణ్‌కుమార్‌రెడ్డి కిలో బియ్యం రూపాయికే చేశారు. రూపాయి! 2014లో ఆంధ్రాలో ఆ పార్టీకి ఒక్క సీటు కూడా రాలేదు. రాష్ట్రం చీల్చినందుకు అంటారు, ఔను. రూపాయి బియ్యం తింటూనే ఓటు ఇంకొకరికి వేశారు. మా తాత బతికుంటే ఆశ్చర్యపోయేవాడు కాదు.

ఇక 2014. ఇక్కడే నా లెక్క తప్పుతుంది, దాచుకోను. తెలుగుదేశం రైతు రుణాలు, డ్వాక్రా రుణాలు మాఫీ చేస్తామన్నది. రైతు రుణాల మాఫీ అయ్యే పని కాదని చెప్పి జగన్ మోహన్ రెడ్డి ఆ మాట ఇవ్వలేదు. ఎన్డీఏకి, వైసీపీకి తేడా రెండు శాతం చిల్లర. మా అన్న ఇప్పటికీ అంటాడు, "నిజం చెప్పి ఓడిపోయాడు" అని. మా తమ్ముడు "చేతకాక చెప్పలేదు" అంటాడు. ఓటరు నమ్మకాన్నే చూసి ఓటేస్తే, 1996 అనుభవం ఉన్నవాళ్లం మళ్లీ అదే నాయకుడి అంత పెద్ద మాటని ఎట్లా నమ్మాం? నా సమాధానం ఒకటే. నమ్మలేదు. అప్పుంది. సగం చేసినా సగం మిగులుద్ది కదా అనుకున్నాం. అది నమ్మకం కాదు, బేరం.

తర్వాత జరిగింది మీకు తెలుసు. కోటయ్య కమిటీ, కుటుంబానికి లక్షన్నర పరిమితి, పంటకి రుణ పరిమితి ఎంతో అంతే. 50 వేల లోపు ఒకేసారి, పైన ఉన్నది అయిదు విడతల్లో, 10 శాతం వడ్డీతో. మేం వాటిని బాండ్లు అనేవాళ్లం. మాఫీ అవుతుందని రైతులు బాకీ కట్టడం ఆపేశారు. సకాలంలో కడితే వచ్చే వడ్డీ రాయితీ పోయింది. రీషెడ్యూల్ చెయ్యమని అడిగితే రిజర్వ్ బ్యాంకు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. మాఫీ డబ్బులు వచ్చేసరికి కొందరికి వడ్డీకే సరిపోయింది. 2008లో కేంద్రం చేసిన మాఫీలోనూ ఇదే తిరకాసు, బాకీ పడ్డవాడికి మాఫీ, తాళిబొట్టు తాకట్టు పెట్టి సకాలంలో కట్టినవాడికి సున్నా. అప్పటి నుంచీ మా ఊళ్లో ఒక కొత్త తెలివి వచ్చింది. ఎన్నికలు ఏడాదిలో ఉన్నాయంటే బ్యాంకు అప్పు ఎవరూ తొందరపడి కట్టరు. పార్టీల మీద నమ్మకం లేదంటాం గానీ, ఈ విషయంలో మాత్రం గట్టి నమ్మకమే.

మూడు విడతలు పడ్డాయి. నాలుగు, అయిదు విడతలకి 2019 ఎన్నికల ముందు జీవో ఇచ్చారు, డబ్బు పడలేదు. కొత్త ప్రభుత్వం ఆ జీవో రద్దు చేసింది. ఇప్పుడు ఆ బాకీ ఎవరిది? "మేం జీవో ఇచ్చాం, వాళ్లు రద్దు చేశారు" అని ఒకరు. "అయిదేళ్లు మీ చేతిలో పెట్టుకుని, దిగిపోయేటప్పుడు మా నెత్తిన వేస్తారా" అని ఒకరు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. బాండు పేపరు మాత్రం ట్రంకు పెట్టెలో ఉంది, మా ఊళ్లో చాలా ఇళ్లలో ఇప్పటికీ దాచుకున్నారు, పారేయబుద్ధి కాక.

దీన్ని కోర్టులో తేల్చుకోవచ్చు కదా అని కుర్రాళ్లు అడుగుతారు. 2013లో తమిళనాడు ఉచితాల కేసులో, సుబ్రమణ్యం బాలాజీ అనే ఆయన వేసింది, సుప్రీంకోర్టు చెప్పింది ఏంటంటే మేనిఫెస్టోలో ఇచ్చే హామీ ఎన్నికల చట్టం ప్రకారం అవినీతి కింద రాదని. ఎన్నికల సంఘాన్ని మార్గదర్శకాలు మాత్రం రాయమంది, రాశారు, హామీకి డబ్బు ఎక్కడ నుంచి తెస్తారో చెప్పాలని అందులో ఉంది. ఎరువుల కొట్టు ఆయన సంచి మీద రాసింది లోపల లేకపోతే కేసు పెట్టొచ్చు. మేనిఫెస్టో మీద అట్లా పెట్టలేం.

ఇప్పుడు మా బావ రాష్ట్రానికి రండి. అక్కడ 2014లో టీఆర్ఎస్ లక్ష మాఫీ అంది, నాలుగు ముక్కలు చేసి నాలుగేళ్లలో ఇచ్చింది. 2018 మే నుంచి రైతుబంధు, ఎకరానికి పంటకి 4 వేలు. ఆ డిసెంబరు ఎన్నికల్లో టీఆర్ఎస్ మళ్లీ లక్ష అంది. కాంగ్రెస్ ఒకేసారి 2 లక్షలు అంది. ఒకటికి రెండింతలు! టీఆర్ఎస్‌కి 88, కాంగ్రెస్‌కి 19. రూపాయి తొంభై కథే ఇది, తిరగేసి చదివితే. "2 లక్షలు వద్దనుకున్నారా బావా?" అని అడిగితే మా బావ చెప్పాడు, "చెక్కు చేతికొచ్చింది. రెండోవాడిది మైకులోనే ఉంది" అని.

ఆ 2 లక్షల మాటే 2022 మేలో వరంగల్ సభలో మళ్లీ వచ్చింది, 2023లో గెలిచింది. 1999కి 2004కి మధ్య జరిగిందే ఇక్కడా జరిగింది. గెలిచాక టీఆర్ఎస్ ఆ లక్షని సాగదీసింది. ముందు పాతిక వేల లోపు వాళ్లకి, తర్వాత ఇంకొందరికి, ఎన్నికలు దగ్గరపడ్డాక 2023 ఆగస్టులో హడావిడిగా మిగతావాళ్లకి. వడ్డీ పెరిగి పెరిగి కూర్చుంది. అమెరికాలో తెలుగువాళ్ల సభలో రేవంత్ రెడ్డి మూడెకరాల రైతుకి 3 గంటల కరెంటు చాలన్నట్టు మాట్లాడితే బీఆర్ఎస్ ఊరూరా గోల చేసింది. బట్టల తీగ మాటలాగా ఇదీ అంటుకుంటుందనుకున్నారు. అంటుకోలేదు. ఎందుకంటే అప్పటికి రైతు కోపం కరెంటు మీద లేదు. కౌలుకి చేసేవాడి కోపం వేరే, రైతుబంధు భూమి ఉన్నవాడికే వచ్చింది, చేను దున్నేవాడికి రాలేదు. మా బావ ఎనిమిదెకరాలు కౌలుకి చేస్తాడు, చెక్కు హైదరాబాదులో ఉండే ఆసామికి పోయేది. ఇటు మన దగ్గర కూడా కౌలు కార్డు కావాలంటే ఆసామి సంతకం కావాలి. ఆసామి ఎందుకు పెడతాడు? ఈ సంగతి ఏ పార్టీ వాడు వాదనలో ఎత్తడు. ఇద్దరికీ ఇబ్బందే కాబట్టి.

2024లో జులై 18 నుంచి ఆగస్టు 15 దాకా మూడు విడతల్లో 2 లక్షల లోపు మాఫీ చేశామని కాంగ్రెస్ ప్రభుత్వం చెప్పింది. రేషన్ కార్డు లేదని, 2 లక్షల పైన రూపాయి ఉందని రానివాళ్లు రోడ్డెక్కారు. మాట నిలబెట్టుకున్నారా లేదా? మాఫీ అయినవాడి ఇంట్లో నిలబెట్టుకున్నారు. పక్కింట్లో లేదు.

మన వైపు మిగిలింది 2019, 2024. 2019లో ఎన్నికల ముందు తెలుగుదేశం డ్వాక్రా ఆడవాళ్లకి పసుపు కుంకుమ కింద 10 వేలు, రైతులకి అన్నదాతా సుఖీభవ వేసింది. డబ్బు తీసుకున్నారు, సీట్లు 23 ఇచ్చారు. 1983 జనవరి మళ్లీ చూసినట్టుంది నాకు. మేనిఫెస్టో అంటే భగవద్గీత, ఖురాన్, బైబిల్ అన్న జగన్‌కి 151 ఇచ్చారు. ఆయన బటన్ నొక్కి వెయ్యాల్సినవి చాలావరకు వేశారు, కాదనలేం. దశలవారీ మద్యనిషేధం మాత్రం జరగలేదు. అయిదేళ్ల తర్వాత 11.

ఖాతాలో డబ్బు పడ్డవాళ్లే ఎందుకు వెయ్యలేదు? వంద కారణాలు చెప్తారు. మా ఊళ్లో పనిచేసింది ఒకటి నాకు తెలుసు, భూమి. పాస్ పుస్తకం మీద ముఖ్యమంత్రి ఫోటో, సర్వే రాళ్ల మీద పేరు, దానికి తోడు ల్యాండ్ టైట్లింగ్ చట్టం. ఆ చట్టం నీతి ఆయోగ్ ఇచ్చిన నమూనాలోంచి వచ్చిందే, చదివినవాళ్లు మా ఊళ్లో ఇద్దరో ముగ్గురో. నేను సగం చదివి వదిలేశాను. కానీ "నీ పొలం కాగితం మీద వాడి బొమ్మెందుకు?" అన్న ప్రశ్నకి పార్టీ వాళ్ల దగ్గర జవాబు లేకపోయింది. 13,500 ఇచ్చిన చెయ్యే పొలం తీసుకుంటుందేమో అన్న భయం. అది నిజమా కాదా అని తేల్చుకునేలోపు పోలింగ్ అయిపోయింది. కొత్త ప్రభుత్వం రాగానే ఆ చట్టం రద్దయింది.

లోక్‌నీతి, సీఎస్‌డీఎస్ వాళ్లు దేశమంతా సర్వేలు చేస్తుంటారు, దేని మీద నమ్మకం ఉంది అని. సైన్యం పైన ఉంటుంది, కోర్టులు ఆ తర్వాత, రాజకీయ పార్టీలు అట్టడుగున. అట్లాంటి పార్టీలకి ఓటు వెయ్యడానికి 2024లో మన రాష్ట్రంలో 80 శాతం పైన వచ్చారు. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి బస్సుల్లో నిలబడి వచ్చారు. మా బావ ప్రశ్నకి ఇందులో ఏదో జవాబుంది. నమ్మి వచ్చినవాళ్లు తక్కువ. నమ్మనివాడు కూర్చోకుండా చూసుకోవాలని వచ్చినవాళ్లే ఎక్కువ అనిపిస్తుంది నాకు. మా తాత చేసింది అదే.

ఇదంతా ఆ చెట్టు కిందే చెప్పలేదులెండి. చెప్పినా విననిచ్చేవాళ్లు కాదు. లైన్‌మన్ గంట అన్నవాడు రెండు గంటలకి వచ్చాడు. ఎల్‌సీ తీసుకుని ఫ్యూజు వేసి, కిందికి దిగి, మా తమ్ముడూ అన్నా ఇంకా 6 వేల దగ్గరే ఉంటే కాసేపు విన్నాడు. "ఏ పార్టీ అన్నా మీది?" అని నన్నడిగాడు. మోటారు వేసొస్తానని లేచాను.

మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే 1983లో ఆ రూపాయి తొంభై బియ్యం ఎన్ని నెలలు తెచ్చుకున్నారో, ఓటు ఎవరికేశారో అడిగి కింద రాయండి. పార్టీ తిట్లు రాస్తే తీసేస్తాను, ముందే చెప్తున్నా.